ఫౌజీ ఇంటికొచ్చాడు, నీంద్ రాలేదు

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో ఏ పెద్ద కంపెనీ గేటు దగ్గరైనా ఒక్క నిమిషం ఆగి చూడండి. అక్కడి సెక్యూరిటీ వాళ్లలో ఫౌజ్ నుంచి వచ్చిందెవరో అడగకుండానే తెలిసిపోతుంది. నిలబడే తీరు వేరు, బూట్ల మెరుపు వేరు, కారు అద్దంలోంచి లోపలికి చూసే నజర్ వేరు. మన ముల్క్‌లో ఏటా సుమారు 60 వేల మంది ఫౌజ్ నుంచి రిటైరవుతారు. వాళ్లలో ఎక్కువమంది సిపాయి, నాయక్, హవల్దార్ స్థాయివాళ్లు. నలభైకి అటూ ఇటూగా ఇంటికి వచ్చేస్తారు. అప్పటికి పిల్లలు స్కూల్లోనే ఉంటారు, బేటీ షాదీ ముందుంటుంది, పెన్షన్ చాలదు. రెండో నౌకరీ తప్పదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఈ ఇలాఖా ఆ రెండో నౌకరీ ఇస్తూనే ఉంది.

ఈ వ్యాసం వాళ్లలో కొందరి గురించి. అందరి గురించీ కాదు. ఫౌజ్‌లో పనిచేసిన ప్రతివాడి దిమాగ్ దెబ్బతిని ఉంటుందనుకోవడం జహాలత్. చాలామంది నిబ్బరంగా బతుకుతున్నారు, మనకన్నా క్రమశిక్షణగా కూడా. కానీ కొందరికి ఒంటి మీద కనపడని జఖం ఉంటుంది. అక్కడ చూసింది, చేసింది, చెయ్యలేకపోయింది పదేళ్ల తర్వాత కూడా రాత్రి రెండు గంటలకు వచ్చి మీద కూర్చుంటుంది. దానికి డాక్టర్లు పెట్టిన పేరు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పీటీఎస్‌డీ. వియత్నాం జంగ్ నుంచి తిరిగొచ్చిన సిపాయిల తక్లీఫ్‌ను ఏళ్ల తరబడి చూశాక, 1980లో అమెరికా సైకియాట్రిస్టులు ఈ పేరును తమ జబ్బుల పట్టికలో ఎక్కించారు. అంతకు ముందు షెల్ షాక్ అన్నారు, కొందరు పిరికితనం అని కూడా అన్నారు.

ఫౌజ్ మనకు దూరపు సంగతేమీ కాదు. బర్కస్ పేరు బ్యారక్స్ నుంచి వచ్చిందే. నిజాం ఫౌజ్‌లో పనిచేసిన అరబ్బుల ఔలాద్ ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ హైటెక్ సిటీకి కూతవేటు దూరం. 1965 జంగ్‌లో పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్ పేరు మన పిల్లలందరికీ నేర్పిస్తాం. 2013 అక్టోబరులో, సరిగ్గా బక్రీద్ రోజుల్లో, సరిహద్దు కాల్పుల్లో షహీద్ అయిన లాన్స్ నాయక్ ఫిరోజ్ ఖాన్ మన పాతబస్తీ బిడ్డ. చనిపోయినవాడి జనాజాకు మొహల్లా మొత్తం కదులుతుంది. బతికి వచ్చినవాడిని మాత్రం "ఎంత పెన్షన్ వస్తోంది భాయ్?" అని అడిగి ఊరుకుంటాం.

ఇక ఆ జఖం మన మధ్య ఎలా కనపడుతుందో చెప్తాను. సినిమాల్లో చూపించినట్టు ఉండదు.

మస్జిద్‌లో ఒక మనిషి ఎప్పుడూ ఆఖరి సఫ్‌లోనే నిలబడతాడు, తలుపు పక్కన, గోడకు దగ్గరగా. ముందు జాగా ఖాళీగా ఉన్నా కదలడు. పక్కవాళ్లు మొదటి సఫ్ సవాబ్ గురించి సలహా ఇస్తారు. అతనికి తెలియక కాదు. సజ్దాలోకి వెళ్తే వీపు ఖాళీగా ఉంటుంది, వెనక ఎవరున్నారో కనపడదు. ఆ రెండు క్షణాలు అతనికెంత పొడవో మనకు తెలియదు. జుమాకు జనం ఎక్కువని ఇంట్లోనే జుహర్ చదువుకునేవాళ్లూ ఉంటారు. ఇంట్లోవాళ్లు దాన్ని సోమరితనం కింద లెక్కేస్తారు.

కోకాపేట, పుప్పాలగూడ, నానక్‌రామ్‌గూడ వైపు టవర్ల పునాదుల కోసం బండలు పేలుస్తారు. ముందు సైరన్, తర్వాత నేల అదురు. ఏసీ గదిలో కోడు రాసుకునేవాడికి అది కిటికీ అద్దం చప్పుడు. గేటు దగ్గర నిలబడ్డవాడి చొక్కా మాత్రం తడిసిపోతుంది. షాదీల్లో మర్ఫా మొదలై పటాకులు పేలగానే ఫంక్షన్ హాలు పార్కింగ్‌లోకి వెళ్లి ఫోన్ చూసుకుంటూ నిలబడే మామూజాన్‌లు మన ఖాందాన్‌లలో లేరా? బిర్యానీ వడ్డించేవేళకు ఎవరో ఒకరు వెళ్లి పిలుచుకొస్తారు. "ఆయనకు మనుషులంటే పడదు" అంటారు.

ఇంకో గుర్తు ఉంది, దాన్ని ఎవరూ మర్జ్ అనుకోరు. అతను నైట్ డ్యూటీ తనంతట తనే అడిగి తీసుకుంటాడు. రాత్రి ఎలాగూ నీంద్ రాదు, వస్తే ఖ్వాబ్ వస్తుంది. గేటు దగ్గరైతే మేలుకుని ఉండటానికి ఒక కారణం ఉంటుంది. పన్నెండు గంటలూ కన్ను మూయడు, ప్రతి బ్యాగూ చూస్తాడు, ప్రతి నంబర్ ప్లేటూ గుర్తుంచుకుంటాడు. మేనేజర్‌కు బహుత్ పసంద్: "బహుత్ సిన్సియర్ ఆద్మీ." సింపుల్‌గా చెప్పాలంటే అతని మర్జ్‌కే అక్కడ తన్‌ఖ్వా ఇస్తున్నారు. అలాంటప్పుడు ఇలాజ్ చేయించుకోమని అతనికి ఎవరు చెప్తారు?

ఇంట్లోవాళ్లు చెప్పాలి. ఇక్కడే నాకు మన ఇళ్ల మీద శికాయత్ ఉంది.

మనం చెడ్డవాళ్లం కాదు. రహమ్ ఉన్నవాళ్లమే. ఆ రహమ్‌తోనే ఇల్లంతా అతని ఖౌఫ్ చుట్టూ కట్టేస్తాం. అబ్బా పడుకున్నప్పుడు చేత్తో తట్టి లేపొద్దు, గుమ్మం దగ్గర నిలబడి పిలవండి. టీవీలో కాశ్మీర్ వార్త వస్తే చానెల్ మార్చండి. శబ్‌-ఎ-బరాత్‌కు పిల్లలు బాంబులు కొనకూడదు. చార్మినార్ వైపు రంజాన్ షాపింగ్‌కు అబ్బా రారు, అడగొద్దు. ఆయన ఉన్న రెజిమెంట్ పేరు ఎత్తొద్దు. బీవీ అన్నీ సర్దుతుంది, బేటా తండ్రి తరఫున సాకులు చెప్పడం నేర్చుకుంటాడు. ఇలా పదిహేనేళ్లు గడుస్తాయి. ఎవరూ గొడవ పడలేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకుంటారు.

పీటీఎస్‌డీ అనే మర్జ్ బతికేదే తప్పించుకోవడం మీద. తప్పించుకున్న ప్రతిసారీ మనసుకు కాసేపు సుకూన్ దొరుకుతుంది, "అది నిజంగానే ఖత్రా, తప్పించుకున్నాం కాబట్టి బతికాం" అన్న సబఖ్ ఇంకొంచెం గట్టిపడుతుంది. ఇలాజ్‌ను తప్పించుకోవడం కూడా అందులో భాగమే. అందుకే "ఆయనే అడిగినప్పుడు తీసుకెళ్దాం" అని ఎదురుచూడటం వల్ల ఫాయిదా లేదు. కాలు విరిగినవాడు ఆస్పత్రికి తీసుకెళ్లమని అరుస్తాడు. ఈ మర్జ్ ఉన్నవాడు "నాకేం లేదు" అంటాడు, ఆ మాట మర్జే అతని నోట పలికిస్తుంది.

అమెరికాలో మాజీ సైనికుల మీద చేసిన ఒక తహ్‌ఖీఖ్ 2019లో అచ్చయింది. ఈ రకం థెరపీ మొదలుపెట్టిన ఫౌజీలతో పాటు వాళ్ల ఇంట్లోవాళ్లను కూడా ప్రశ్నలు అడిగారు. ఇంట్లోవాళ్లు "భయపడేదాన్ని ఎదుర్కో, మేమున్నాం" అని హిమ్మత్ ఇచ్చినవాళ్లు థెరపీలో నిలబడ్డారు. అలాంటి మాట ఇంట్లో దొరకనివాళ్లు మధ్యలో మానేయడం చాలా ఎక్కువగా కనపడింది. డాక్టర్ ఎంత గొప్పవాడు, ఆస్పత్రి ఎంత పెద్దది అన్నదానితో పాటు ఇంట్లో ఏ మాట వినపడుతుందన్నది కూడా తేడా చేసింది. ప్రేమగా దాచిపెట్టే ఇల్లు, ప్రేమగా బయటికి తీసుకెళ్లే ఇల్లు రెండూ మంచి ఇళ్లే, కానీ రెండో ఇంట్లోనే ఇలాజ్ పూర్తవుతుంది.

ఇలాజ్ అంటే గోలీలు కావా అని అడుగుతారు. గోలీలకు జాగా ఉంది. సెర్ట్రలీన్, పారాక్సెటీన్, వెన్లఫాక్సిన్ లాంటివి కొందరికి బాగా ఉపకరిస్తాయి, డాక్టర్ ఇస్తే వాడాలి. కానీ 2023లో అమెరికా రక్షణశాఖ, మాజీ సైనికుల శాఖ కలిసి విడుదల చేసిన వైద్య మార్గదర్శకాలు మందులకన్నా ముందు వరసలో పెట్టింది ట్రామా మీద నేరుగా పనిచేసే థెరపీలను. మన మెడికల్ షాపుల్లో అలవాటుగా కొనుక్కునే ఆల్‌ప్రజోలామ్ లాంటి నీంద్ గోలీలను పీటీఎస్‌డీకి వాడొద్దని అదే కాగితం చెబుతోంది. ఇది చదివి వాడుతున్నవాళ్లు రాత్రికి రాత్రి మానేయకండి. అలా మానితే ప్రమాదం. డాక్టర్‌తో మష్వరా చేసి మెల్లగా తగ్గించుకోవాలి.

మరి ఆ థెరపీలో ఏం చేస్తారు? మన జనంలో చాలామందికి కౌన్సెలింగ్ అంటే ఒక మేడమ్ కూర్చుని "పాజిటివ్‌గా ఆలోచించండి" అనడం. ఇది అది కాదు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిని ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్టు తయారుచేశారు. ఎనిమిది నుంచి పదిహేను సిట్టింగులు, ఒక్కోటి గంటన్నర దాకా. మనిషి కళ్లు మూసుకుని ఆ వాకియాను మొదటి నుంచి చివరి దాకా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్తాడు. మళ్లీ చెప్తాడు. దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర వింటాడు. దాంతో పాటు బయట తప్పించుకు తిరిగే జాగాలకు కొంచెం కొంచెంగా వెళ్తాడు. మొదటి వారం శిల్పారామం గేటు దాకా, ఆదివారం సాయంత్రం కాకుండా మంగళవారం పొద్దున. తర్వాత లోపలికి. ఆ తర్వాత అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఆఫీసులు వదిలే టైముకు. మస్జిద్‌లో ఆఖరి సఫ్ నుంచి ఒక సఫ్ ముందుకు. ఖత్రా లేని చోట ఖత్రా లేదని మెదడు మళ్లీ నేర్చుకునేదాకా ఇలా సాగుతుంది.

ప్యాట్రీషియా రెసిక్ తయారుచేసిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సాధారణంగా పన్నెండు సిట్టింగులు. ఇందులో పని ఖయాల్ మీద జరుగుతుంది. "ఆ రోజు నేను డ్యూటీ మార్చుకోకపోతే వాడు బతికుండేవాడు." ఈ ఒక్క వాక్యం ఇరవై ఏళ్లుగా ఒక మనిషిని తినేస్తూ ఉండొచ్చు. నువ్వు తప్పు చెయ్యలేదులే అని థెరపిస్టు తేలిగ్గా అనెయ్యడు, ఆ మాట ఇంట్లోవాళ్లు వందసార్లు అన్నారు, పనిచెయ్యలేదు. ఆ రోజు నీకు ఏం తెలుసు, ఏం తెలియదు, ఆ క్షణంలో నీ ముందు ఎన్ని దారులున్నాయి అని అడిగి, రాయించి, ఆ వాక్యాన్ని అతని చేతే విప్పిస్తాడు. ఈఎండీఆర్ అని మూడోది ఉంది, కళ్ల కదలికతో చేసేది, అదీ పరీక్షకు నిలిచినదే. ఐదు సిట్టింగుల్లో రాయించి చేసే కొత్త పద్ధతి కూడా వచ్చింది. 2018లో అచ్చయిన పరిశోధనలో అది పన్నెండు సిట్టింగుల పద్ధతికి తీసిపోలేదని తేలింది. తెలుగులోనో ఉర్దూలోనో రాసుకోగలిగిన మన ఫౌజీలకు ఇది బాగా సరిపోతుందని నా ఖయాల్. ఏ జబాన్‌లో ఖ్వాబ్ వస్తుందో ఆ జబాన్‌లోనే రాయాలి.

అందరూ శిఫా పొందుతారా? లేదు, అబద్ధం చెప్పను. సైనికుల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసి 2015లో రాసిన ఒక సమీక్ష ప్రకారం, ఈ థెరపీలు తీసుకున్నవాళ్లలో 49 నుంచి 70 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం దొరికింది. కానీ సుమారు మూడింట రెండు వంతుల మందికి పీటీఎస్‌డీ అన్న ముద్ర పూర్తిగా తొలగిపోలేదు. రాత్రికి నాలుగు గంటలు నిద్రపోవడం, కొడుకు షాదీలో స్టేజి మీద నిలబడటం, గుస్సా వచ్చినా చెయ్యి ఎత్తకపోవడం. ఇంతే దొరికినా ఆ ఇంటికి అది చిన్నదా?

మొదటి మూడు నాలుగు సిట్టింగుల్లో తక్లీఫ్ పెరిగినట్టు అనిపించొచ్చు. కలలు ఎక్కువవుతాయి, చిరాకు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్లు "ఈ డాక్టర్ ఇంకా పాడుచేస్తున్నాడు, మానెయ్యండి" అంటారు. ఫౌజీకి కావలసిందీ ఆ మాటే. ఆ వారంలో భాబీ చేయాల్సింది ఏమీ అడగకుండా పక్కన కూర్చుని ప్రయాణం చేయడం. "అక్కడ ఏం మాట్లాడారో నాకు చెప్పక్కర్లేదండి. వచ్చే బుధవారం కూడా నేను మీతో వస్తాను." ఇంతకన్నా పెద్ద మాటలు అక్కర్లేదు. అయితే చనిపోవాలన్న మాట అతని నోట వస్తే అది వేరే సంగతి. అప్పుడు ఆగొద్దు, అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. గన్‌మెన్ నౌకరీ చేసేవాళ్ల ఇళ్లలో లైసెన్స్ తుపాకీ ఉంటుంది. దాన్ని ఇంట్లోంచి తీయించాలి.

మన ఇళ్లలో డాక్టర్ కన్నా ముందు ఆమిల్ దగ్గరికి వెళ్తారని వేరే చెప్పాలా? రాత్రిపూట అరుస్తున్నాడు కాబట్టి అసర్ ఉందంటారు. తావీజు, పడిగట్టిన నీళ్లు, దర్గా మొక్కు. రుఖ్యా మీద యకీన్ ఉన్నవాళ్లతో నాకు జగడా లేదు. దుఆ చేయండి, ఖురాన్ చదివి ఊదండి, దానితో పాటే సైకియాట్రిస్టుకు చూపించండి. ప్రతి మర్జ్‌కూ దవా ఉందన్న హదీసును షుగర్ మందుల విషయంలో మాత్రం గుర్తుచేసుకుంటాం, దిమాగ్ దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతాం. తొమ్మిదో శతాబ్దంలో పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ ఒంటి ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ ఒకే కితాబ్‌లో పెట్టి రాశాడని మన వాట్సాప్ గ్రూపుల్లో ఫఖర్‌గా ఫార్వర్డ్ చేస్తాం. అదే గ్రూపులో ఎవరైనా "ఎర్రగడ్డ" అంటే నవ్వుకుంటాం.

ఎర్రగడ్డ అన్న మాటను గాలీగా మార్చింది మనమే, హిందూ ముస్లిం తేడా లేకుండా ఈ షహర్ మొత్తం. అక్కడున్నది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, సర్కారు ఆస్పత్రి. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైన్ మారితే ఎర్రగడ్డ స్టేషన్‌లోనే దిగొచ్చు. బంజారాహిల్స్ క్లినిక్ ఫీజు కట్టలేని ఫౌజీకి దగ్గరలో ఉన్నది అదే, షరం వల్ల మాత్రమే అది దూరంగా ఉంది.

సబర్ గురించి కూడా రెండు మాటలు. "సబర్ చెయ్ బేటా, తఖ్‌దీర్" అని చెప్పే పెద్దలు సబర్‌ను ఖామోషీతో కలిపేస్తున్నారు. హజ్రత్ యాఖూబ్ అలైహిస్సలాం కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కంటిచూపు పోగొట్టుకున్నారు. ఆయన సబర్‌ను ఎవరూ శంకించలేదు. గంటన్నర కూర్చుని తన బతుకులోని అతి చెడ్డ రోజును కళ్లు మూసుకుని మళ్లీ చెప్పడం, వచ్చే వారం మళ్లీ రావడం కన్నా గట్టి సబర్ ఏముంటుంది?

ఇక మన ఫౌజీలకే ప్రత్యేకమైన ఒక బరువు ఉంది. దాని గురించి ఎక్కడా రాయరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కాశ్మీర్‌లో పనిచేసి వచ్చిన ముస్లిం జవాను రెండు వైపులా నోరు కట్టుకుంటాడు. ఒక ఇంటి తలాషీలో మూలన నిలబడి కల్మా చదువుకుంటున్న ముసలమ్మను చూశాడనుకోండి, ఆ ముఖంలో తన నానీ కనపడిందనుకోండి. ఈ సంగతి బ్యారక్‌లో చెప్తే తన వఫాదారీ మీద శక్ వస్తుందేమోనని భయం. మొహల్లాలో చెప్తే "అలాంటి డ్యూటీ ఎందుకు చేశావ్?" అంటారని భయం. తోటి జవాను తన చేతుల్లో ప్రాణం వదిలిన సంగతి కూడా అదే మూటలో ఉంటుంది, దాన్నీ చెప్పలేడు. ఖౌఫ్‌కన్నా ఈ గునాహ్ భావనే కొందరిని ఎక్కువగా తింటుంది. దీన్ని డాక్టర్లు మోరల్ ఇంజురీ అంటున్నారు. వియత్నాం సిపాయిలను చూసిన జొనాథన్ షే అనే సైకియాట్రిస్టు 1990లలో దీని గురించి విస్తారంగా రాశారు. ఆ మూట విప్పాలంటే తీర్పు చెప్పని ఒక చెవి కావాలి. మన ఇళ్లూ మన మస్జిద్‌లూ ముందుగా ఇవ్వగలిగింది అదే: దేశభక్తి పరీక్షా వద్దు, మజహబ్ పరీక్షా వద్దు.

ఫౌజీ మాట ఫౌజీ వింటాడు. థెరపీ పూర్తిచేసిన ఒక సుబేదార్ సాబ్ "నేనూ వెళ్లాను, నౌకరీ పోలేదు, పాగల్ కాలేదు" అంటే, మనం రాసే పది వ్యాసాలకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. కొండాపూర్ మస్జిద్‌బండ నుంచి టోలిచౌకి దాకా జుమాకు వచ్చే ఫౌజీలను ఒకరికొకరిని పరిచయం చేయడం పేష్ ఇమామ్‌కు కష్టమైన పని కాదు. ఇమామ్ సాబ్ ఇలాజ్ చేయనక్కర్లేదు. ఒక ఖుత్బాలో "రాత్రి నిద్రపట్టనివాళ్లు డాక్టర్‌కు చూపించుకోవడం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదు" అంటే చాలు.

క్యాంటీన్ కోటా సంగతి కూడా ఎవరో ఒకరు అనాలి. రమ్ము మన ఇంట్లోకి రాదని గట్టిగా చెప్పే ఇళ్లలోనే అది గోధుమపిండి డబ్బా వెనక ఉంటుంది. నీంద్ కోసం తాగుతున్నాడు. హరామ్ అని అరిచి సీసా పగలగొట్టినంత మాత్రాన ఆ నీంద్ రాదు. తాగుడు మానాకే థెరపీ అని కూర్చోవడం కూడా సరికాదు. డాక్టర్‌కు రెండూ ఒకేసారి చెప్పాలి.

నౌకరీ పోతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. గన్‌మెన్‌కైతే ఆయుధ లైసెన్స్ పోతుందన్న భయం కూడా. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని చెబుతోంది. డాక్టర్ మీ ఏజెన్సీకి ఫోన్ చేసి చెప్పడు. ఇన్సూరెన్స్ కంపెనీలు ఒంటి జబ్బుల్లాగే మనసు జబ్బులకూ కవర్ ఇవ్వాలన్నది అదే చట్టం. కానీ టైము సమస్యకు చట్టంలో జవాబు లేదు. పన్నెండు గంటల షిఫ్టు చేసి మూడు నెలలపాటు వారం వారం సెలవు ఎవరు ఇస్తారు? ఇక్కడ ఒక దారి ఉంది. అమెరికా సైనికుల మీద చేసి 2018లో అచ్చు వేసిన పరీక్షలో, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌ను రోజూ ఒక సిట్టింగ్ చొప్పున రెండు వారాల్లో పది సిట్టింగులు చేస్తే, రెండు నెలలపాటు చేసినంత ఫలితమూ వచ్చింది. రెండు వారాల సెలవు అడగడం సాధ్యమైన పని. ఊరికి షాదీకి వెళ్లడానికి అడగట్లేదా?

హైటెక్ సిటీ కంపెనీలు తమ ఉద్యోగులకు కౌన్సెలింగ్ సదుపాయం ఉందని లిఫ్టు పక్కన పోస్టర్లు అంటిస్తాయి. ఆ లిఫ్టు దాకా మనుషుల్ని పంపే గార్డు మాత్రం ఏజెన్సీ మనిషి. చాలా చోట్ల ఆ సదుపాయం అతనికి వర్తించదు. ఐటీ కంపెనీలూ సైబరాబాద్ పోలీసులూ కలిసి నడిపే సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ 2006 నుంచి ఉంది. ఈ ఇలాఖా హిఫాజత్ గురించి ఆలోచించే ఆ బల్ల మీదికి, ఆ హిఫాజత్ చేసే మనుషుల నీంద్ సంగతి కూడా రావాలి. ఆ కంపెనీల్లో మన పిల్లలు వందలమంది పనిచేస్తున్నారు. హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ రాయడానికి వాళ్లకు ఎవరి ఇజాజతూ అక్కర్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే: పెన్షన్ ఉన్న ఫౌజీకి ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటుంది. 2003లో మొదలైన స్కీమ్ అది. పాలీక్లినిక్‌లో "నిద్ర పట్టట్లేదు" అని ఆగిపోకుండా, ఖ్వాబ్‌ల గురించి, పాత వాకియా గురించి చెప్పి సైకియాట్రీకి రెఫరల్ అడగాలి. తిరుమలగిరిలో మిలిటరీ హాస్పిటల్ ఉంది. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా అని, ట్రామాకు ఏ థెరపీ చేస్తారని మొహమాటం లేకుండా అడగండి. పైన రాసిన పేర్లలో ఒక్కటీ వాళ్ల నోట రాకపోతే ఇంకొకరిని వెతకండి. రాత్రి ఎవరూ దొరకని వేళ 14416, టెలి మానస్. 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫౌజీల కోసం పుణె ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో దానికి ప్రత్యేక విభాగం 2023 డిసెంబరులో పెట్టారు.

ఇవన్నీ పెన్షన్ ఉన్నవాళ్లకు. ఇకముందు వచ్చేవాళ్ల సంగతి వేరు. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరిన మొదటి బ్యాచ్‌కు 2023 మొదట్లో ట్రైనింగ్ మొదలైంది. 2026 చివరికి వాళ్ల నాలుగేళ్లు నిండుతాయి. పర్మనెంట్ చేసేది నూటికి 25 మందిని మించకుండా అన్నది నిబంధన. మిగిలినవాళ్లు ఇరవై రెండు, ఇరవై ఐదేళ్లకు ఇంటికొస్తారు. నిబంధనల ప్రకారం వాళ్లకు పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. నాలుగేళ్లలో సరిహద్దులో ఏం చూశారో అది మాత్రం వెంట వస్తుంది. వాళ్లలో చాలామంది ఈ గేట్ల దగ్గరికే వస్తారు. అలాంటి కుర్రాడికి మిగిలేది ఏజెన్సీ కట్టే ఈఎస్‌ఐ. నెల జీతం 21 వేలు మించనివాళ్లకు అది హక్కు. సనత్‌నగర్‌లో ఈఎస్‌ఐ మెడికల్ కాలేజీ ఉంది, అక్కడ సైకియాట్రీ చూపించుకోవచ్చు. మీ ఇంట్లోనో గల్లీలోనో యూనిఫాం వేసుకుని గచ్చిబౌలి షటిల్ ఎక్కే అబ్బాయి ఉంటే, అతని ఏజెన్సీ ఈఎస్‌ఐ నంబర్ ఇచ్చిందో లేదో ఈ జుమా తర్వాత అడగండి.